గుండె ఆపరేషన్ తర్వాత రక్తం ఎప్పుడు ఎక్కించాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

బైపాస్, వాల్వ్ మార్పిడి వంటి ఓపెన్ హార్ట్ ఆపరేషన్ల తర్వాత ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాలు అడిగేవి, లోపల డ్యూటీలో ఉన్న నర్సులు, జూనియర్ డాక్టర్లు అడిగేవి కలిపి ఇక్కడ జవాబులు రాశాం. మీ రోగి విషయంలో తుది నిర్ణయం మంచం పక్కన ఉన్న డాక్టర్లదే.

హిమోగ్లోబిన్ ఎంతకు పడితే రక్తం ఎక్కిస్తారు?

రక్తస్రావం లేకుండా, బీపీ, మూత్రం బాగున్న పెద్దవారిలో డెసిలీటరుకు 7.5 గ్రాముల కంటే తగ్గినప్పుడు. రక్తమార్పిడి నిపుణుల అంతర్జాతీయ సంఘం ఏఏబీబీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు గుండె ఆపరేషన్లకు చెప్పిన గీత కూడా ఇదే. కొన్ని ఆసుపత్రులు 8 అని రాసుకుంటాయి. అందులో తప్పు లేదు. 10కి తగ్గగానే ఎక్కించడం మాత్రం పాత అలవాటు. దానివల్ల రోగికి మేలు జరుగుతుందని రోగులపై చేసిన పెద్ద పరీక్షలేవీ చూపలేదు.

అయితే 7.5 అనేది ఆగి ఆలోచించాల్సిన చోటు. అంకె కనబడగానే బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయమని దాని అర్థం కాదు. ముందు తేల్చుకోవాల్సినది ఒకటుంది: రోగికి రక్తం పోతోందా, లేక ఉన్న రక్తం పలచబడిందా? మొదటిదైతే అంకె కోసం ఎదురు చూడకూడదు. రెండోదైతే చాలాసార్లు మూత్రం వచ్చే మందు చాలు.

ఈ 7.5 ఎవరు తేల్చారు?

గుండె ఆపరేషన్లలో తొలి పెద్ద పరీక్ష బ్రెజిల్‌లోని సావో పాలోలో జరిగింది. 2010లో ఫలితాలు వచ్చిన ఆ ట్రాక్స్ పరీక్షలో 502 మంది ఉన్నారు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 24 శాతం దాకా ఆగినవారికి, 30 శాతం దగ్గరే ఎక్కించినవారికి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

తర్వాత 2015లో బ్రిటన్‌లోని 17 కేంద్రాల టైటర్-2 పరీక్ష వచ్చింది. రెండు వేల మందిలో 7.5 గీతను, 9 గీతను పోల్చారు. ఇన్‌ఫెక్షన్లు, గుండెపోటు, పక్షవాతం వంటివి కలిపి చూస్తే 35.1 శాతం, 33.0 శాతం, తేడా లేనట్టే. కానీ 90 రోజుల్లో మరణాలు తక్కువ రక్తం ఎక్కించిన వైపు 4.2 శాతం, ఎక్కువ ఎక్కించిన వైపు 2.6 శాతం. అది ప్రధాన ఫలితం కాకపోయినా చాలామంది సర్జన్లకు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ అనుమానానికి సమాధానం 2017లో ట్రిక్స్-3 నుంచి వచ్చింది. 19 దేశాల్లో ఐదు వేలకు పైగా రోగులు, అందరూ ఓ మోస్తరు నుంచి ఎక్కువ ప్రమాదం ఉన్నవారే. ఒక వైపు 7.5, మరో వైపు థియేటర్‌లో, ఐసీయూలో 9.5, వార్డులో 8.5. మరణం, గుండెపోటు, పక్షవాతం, కొత్తగా డయాలసిస్ పడటం కలిపితే 11.4 శాతం, 12.5 శాతం. రక్తం ఎక్కించాల్సి వచ్చినవారు 52.3 శాతం, 72.6 శాతం. ఆరు నెలల తర్వాత చూసినా తేడా లేదు.

దీన్ని జాగ్రత్తగా చదవాలి. తక్కువ రక్తం ఎక్కిస్తే రోగి ఇంకా బాగుంటాడని ఈ పరీక్ష అనలేదు. 7.5 దాకా ఆగినా నష్టం లేదంది, అంతే. రక్తం ఎక్కినవారిలో ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీ ఇబ్బందులు ఎక్కువని చూపిన పాత అధ్యయనాలు చాలా ఉన్నాయి. కానీ వాటిలో రక్తం అందుకున్నవారు మొదటి నుంచీ ఎక్కువ జబ్బుగా ఉన్నవారే కాబట్టి తప్పంతా రక్తం మీద వేయలేం.

ఆపరేషన్‌కు ముందు 11 ఉంది, ఐసీయూకి వచ్చేసరికి 8. రక్తమంతా ఎక్కడికి పోయింది?

చాలావరకు ఎక్కడికీ పోలేదు. ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మిషన్ (పంపు) గొట్టాలను ముందుగా లీటరు నుంచి లీటరున్నర ద్రవంతో నింపుతారు. పంపు మొదలవగానే అది రోగి రక్తంలో కలుస్తుంది. లెక్క మీరే వేసి చూడొచ్చు.

50 కిలోల మహిళకు కిలోకు 65 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 3,250 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 11. మిషన్‌లో 1,200 మిల్లీలీటర్ల ద్రవం. 3,250ని 11తో గుణించి 4,450తో భాగిస్తే 8 వస్తుంది. ఒక్క చుక్క రక్తం కారకముందే 11 కాస్తా 8 అయింది. అదే 75 కిలోల మగమనిషి, కిలోకు 70 చొప్పున 5,250 మిల్లీలీటర్ల రక్తం, హిమోగ్లోబిన్ 14 అయితే పంపు మీద 11.4 ఉంటుంది. మన దగ్గర చిన్న శరీరం, ముందే రక్తహీనత ఉన్న మహిళలకు రక్తం ఎక్కువగా అవసరపడటానికి సర్జన్ పనితనం కంటే ఈ లెక్కే పెద్ద కారణం.

ఆ నీరు తర్వాతి రెండు మూడు రోజుల్లో మూత్రంగా బయటికి పోతుంది. రోగి బరువు ఆపరేషన్ ముందు కంటే మూడు నాలుగు కిలోలు ఎక్కువ ఉండి, కాళ్లు ఉబ్బి, డ్రెయిన్‌లో (ఛాతీలోంచి రక్తం బయటికి తెచ్చే గొట్టంలో) రక్తం లేకపోతే హిమోగ్లోబిన్ 7.8ని మూత్రం వచ్చే మందు ఫ్యూరోసెమైడ్‌తో సరిచేయాలి. మరుసటి రోజుకు 8.5 దాటడం మామూలే. అలాంటివారికి రక్తం ఎక్కిస్తే ఉన్న నీటిపై ఇంకో పావు లీటరు పోసినట్టవుతుంది.

7.5 పైన ఉన్నా ఎక్కించాల్సిన సందర్భాలు ఉంటాయా?

ఉంటాయి. ఒంటికి అందే ఆక్సిజన్ హిమోగ్లోబిన్ ఒక్కదానిపైనే ఆధారపడదు. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతోందన్నదీ లెక్కే. హిమోగ్లోబిన్ 8, గుండె నిమిషానికి 5 లీటర్లు పంపుతోంది, సాచురేషన్ (ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ వంతు) 98 శాతం అనుకుందాం. ఒంటికి నిమిషానికి దాదాపు 525 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అందుతుంది. హిమోగ్లోబిన్ 10 ఉండి గుండె 4 లీటర్లే పంపితే? అదే 525. గుండె బలం పెంచే మందుతోనో, పేస్‌మేకర్ రేటు సరిచేసో ఒక లీటరు పెంచగలిగితే, అది రెండు గ్రాముల హిమోగ్లోబిన్‌తో సమానం.

అందుకే లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పెరుగుతూ, మెడ లైన్ నుంచి తీసిన సిరరక్తంలో సాచురేషన్ 60 శాతం కిందికి జారుతుంటే ముందు గుండె పనితీరు, ఎకో (గుండె స్కాన్), వాల్యూమ్ (ఒంట్లో ద్రవం సరిపోయిందా అన్నది) చూడాలి. అవన్నీ సరిచేసినా మారకపోతే 8.2 దగ్గరైనా ఒక యూనిట్ ఇవ్వడం సమంజసమే. ఈసీజీలో కొత్తగా ఇస్కీమియా (గుండె కండరానికి రక్తం చాలని) మార్పులు, కారణం దొరకని గుండెదడ, మంచం మీద లేచి కూర్చుంటేనే బీపీ పడిపోవడం కూడా అలాంటివే.

ఆపరేషన్ కాకుండా గుండెపోటు మాత్రమే వచ్చిన రోగుల సంగతి వేరు. 2023లో వచ్చిన మింట్ పరీక్షలో 10 దాకా ఎక్కించినవారి వైపు ఫలితం కొంచెం మొగ్గింది; 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు 16.9 శాతానికి బదులు 14.5 శాతం. ఆ తేడా గట్టిగా రుజువైందనలేం. బైపాస్ తర్వాత గ్రాఫ్టు (కుట్టిన కొత్త రక్తనాళం) మూసుకుపోయిందన్న అనుమానం ఉన్న రోగి దగ్గర మాత్రం ఈ ఫలితాన్ని మనసులో పెట్టుకుంటాం.

రిపోర్టులో వచ్చిన అంకెను నమ్మొచ్చా?

ఒక్కసారి వచ్చిన దాన్ని నమ్మి రక్తం ఎక్కించకండి, రోగి బాగున్నప్పుడైతే అసలే వద్దు. ఆర్టీరియల్ లైన్‌లోని (ధమనిలో పెట్టిన గొట్టంలోని) సెలైన్‌ను సరిగా తీసి పారేయకుండా శాంపిల్ తీస్తే 9 ఉన్నది 7గా కనిపిస్తుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీసినా అంతే. బ్లడ్ గ్యాస్ మిషన్లలో కొన్ని హిమోగ్లోబిన్‌ను నేరుగా కొలవవు. రక్తంలో విద్యుత్ ఎంత సులువుగా పారుతుందో చూసి హెమటోక్రిట్ లెక్కగడతాయి. పంపు తర్వాత ప్రొటీన్లు పలచబడి ఉంటాయి కాబట్టి ఆ మిషన్లు అసలు కంటే తక్కువ చూపిస్తాయి. మీ ఐసీయూ మిషన్ ఏ రకమో ఒకసారి బయోమెడికల్ విభాగాన్ని అడిగి తెలుసుకోండి.

ఇంకో చిన్న విషయం. ఐసీయూలో రోజంతా తీసే శాంపిళ్లకే 40 నుంచి 70 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. నాలుగు రోజులుంటే అదే దాదాపు ఒక బ్యాగ్. చిన్న ట్యూబులు వాడటం, అవసరం లేని "రొటీన్" బ్లడ్ గ్యాస్ పరీక్షలు మానడం ఖర్చులేని వైద్యం.

డ్రెయిన్‌లో ఎంత రక్తం వస్తే భయపడాలి?

మొదటి గంటలో 500 మిల్లీలీటర్లు, వరుసగా రెండు గంటలు 400 చొప్పున, మూడు గంటలు 300 చొప్పున, లేదా నాలుగు గంటల్లో మొత్తం లీటరు. ఈ గీతలు దాటితే ఛాతీ తిరిగి తెరవడం గురించి మాట్లాడాలి. చాలా బృందాలు గంటకు 200 చొప్పున మూడు నాలుగు గంటలు ఆగకుండా వచ్చినా సర్జన్‌ను మంచం దగ్గరికి పిలుస్తాయి. చిన్న శరీరం ఉన్నవారికి ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి.

ఈ దశలో హిమోగ్లోబిన్ మోసం చేస్తుంది. రక్తం వేగంగా పోతున్నప్పుడు మిగిలిన రక్తం చిక్కదనం వెంటనే మారదు. ద్రవాలు ఎక్కాకే అంకె పడుతుంది. కాబట్టి రిపోర్టు 9.5 ఉన్నా డ్రెయిన్ డబ్బా నిండుతుంటే రక్తం తెప్పించాలి, ఎక్కించాలి.

అంతకంటే ప్రమాదకరం, బాగా కారుతున్న డ్రెయిన్ ఉన్నట్టుండి ఆగిపోవడం. ఇంటివాళ్లకు అది శుభవార్తలా అనిపిస్తుంది. గొట్టంలో గడ్డ అడ్డుపడి రక్తం గుండె చుట్టూ చేరుతుండవచ్చు. బీపీ జారుతుంది, మెడ సిర ఒత్తిడి పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. అప్పుడు ఒక యూనిట్ ఎక్కిస్తే బీపీ పది నిమిషాలు లేస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అసలు పని ఆలస్యమవుతుంది. ఆ రోగికి కావాల్సింది ఎకో, ఆ వెంటనే థియేటర్.

రక్తం ఆగడం లేదు. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అన్నీ తెమ్మంటున్నారు. అన్నీ అవసరమా?

అన్నీ ఒకేసారి పోయడం గురి చూడకుండా రాయి విసరడమే. వరుస ఉంది. ఒళ్లు చల్లగా ఉందా? 36 డిగ్రీలకు తేవాలి. అయనైజ్డ్ (రక్తంలో విడిగా ఉన్న) కాల్షియం లీటరుకు 1.1 మిల్లీమోళ్ల కంటే తక్కువా? ఇవ్వాలి, ఎక్కించిన బ్యాగుల్లో గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ కాల్షియంను లాగేస్తుంది. పంపు కోసం ఇచ్చిన, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇంకా మిగిలి ఉందా? ఏసీటీ (గడ్డకట్టే సమయం) చూసి అవసరమైతే దాని విరుగుడు ప్రోటమిన్ కొద్దిగా. ప్రోటమిన్ ఎక్కువైతే అదే రక్తస్రావానికి కారణమవుతుంది, అందుకే పరీక్ష లేకుండా "ఇంకో 50" అనకూడదు.

తర్వాత గడ్డ కట్టించే ప్రొటీన్ ఫైబ్రినోజెన్. రక్తం కారుతూ అది డెసిలీటరుకు 150 నుంచి 200 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే క్రయో (ప్లాస్మా నుంచి తీసే, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే భాగం) 10 బ్యాగులు, లేదా 4 గ్రాముల ఫైబ్రినోజెన్ కాన్సన్‌ట్రేట్. 2019లో కెనడాలో జరిగిన ఫైబర్స్ పరీక్ష ఈ రెండూ ఒకదానికొకటి తీసిపోవని తేల్చింది. ప్లేట్‌లెట్లు పంపు మీద తగ్గడమే కాదు, ఉన్నవి కూడా సరిగా పనిచేయవు. ప్లేట్‌లెట్లను అడ్డుకునే క్లోపిడోగ్రెల్ మందు ఆపకుండా ఆపరేషన్‌కు వచ్చినవారిలో లక్షకు పైగా ఉన్నా అవసరపడవచ్చు. కానీ రక్తం కారని రోగికి కౌంటు 80,000 ఉందని ప్లేట్‌లెట్లు ఎక్కించడం వృథా.

ఐదో రోజు తర్వాత కౌంటు సగానికి పడితే ప్లేట్‌లెట్ల కోసం పరుగెత్తకండి. హెపారిన్ వల్ల వచ్చే హిట్ అనే స్థితి కావచ్చు. అందులో రక్తం గడ్డలు కడుతుంది. ముందు హెపారిన్ ఆపాలి.

ప్లాస్మా మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు. 60 కిలోల రోగికి ఇచ్చే రెండు బ్యాగులు చాలాసార్లు ఎటూ చాలవు. రక్తం గడ్డకట్టే తీరును కొలిచే టెగ్, రోటెమ్ మిషన్ ఉన్నచోట ఏది లోపించిందో చాలావరకు అరగంటలోపే తెలుస్తుంది.

ఒక యూనిట్ ఎక్కిస్తే ఎంత పెరుగుతుంది? రెండు ఒకేసారి ఇస్తే మంచిది కదా?

సుమారుగా ఒక గ్రాము. మన దేశంలో 350 మిల్లీలీటర్ల బ్యాగుల్లోనూ, 450 బ్యాగుల్లోనూ రక్తం సేకరిస్తారు కాబట్టి బ్యాగును బట్టి తేడా ఉంటుంది. లావాటి మనిషిలో అర గ్రాము పెరగొచ్చు, 45 కిలోల మహిళలో ఒకటిన్నర. రక్తం కారని రోగికి ఒకటే యూనిట్, ఆ తర్వాత మళ్లీ పరీక్ష, అవసరమైతేనే రెండోది. "ఒకటి ఇచ్చేదైతే అసలు ఇవ్వడమెందుకు" అనే పాత మాటకు ఆధారం లేదు.

ఎక్కించేటప్పుడు ఎక్కడ తప్పులు జరుగుతాయి?

ఎక్కువ ప్రాణాపాయం బ్లడ్ బ్యాంకులో కంటే మంచం పక్కనే. శాంపిల్ ట్యూబు మీద పేరు నర్సింగ్ స్టేషన్‌లో కాకుండా రోగి దగ్గరే, చేతి పట్టీ చూసి రాయాలి. బ్యాగ్ వచ్చాక ఇద్దరు కలిసి పేరు, ఆసుపత్రి నంబరు, గ్రూపు, బ్యాగ్ నంబరు, గడువు తేదీ సరిచూడాలి. ఒకే రోజు ఇద్దరు లక్ష్మమ్మలు ఆపరేషన్ చేయించుకోవడం అరుదేమీ కాదు.

ఫ్రిజ్ నుంచి తీసిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి. ఫిల్టర్ ఉన్న బ్లడ్ సెట్ తప్పనిసరి. అదే లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ వద్దు. రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, డెక్స్‌ట్రోజ్ కణాలను పగలగొడుతుంది. బ్యాగును వేడినీళ్లలో ముంచకండి, కుళాయి కింద పెట్టకండి. వేగంగా ఎక్కించాల్సి వస్తే బ్లడ్ వార్మర్ వాడాలి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, మనిషి పక్కనే ఉండి చూడాలి.

వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న రోగి చలి అనలేడు, నడుము నొప్పి అనలేడు. కాబట్టి బీపీ అకారణంగా పడటం, మూత్రం ఎర్రబడటం, గాయాల నుంచి రక్తం ఊరడం చూస్తే తప్పుడు గ్రూపు అనుమానించాలి. పంపు తర్వాత మొదటి గంటల్లో మూత్రం ఎర్రగా ఉండటం మామూలే, అందుకే ఎక్కించడానికి ముందు మూత్రం రంగు రాసి పెట్టుకోండి. అనుమానం వస్తే బ్యాగ్ ఆపాలి, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి లైన్ కాపాడుకోవాలి, బ్యాగు, సెట్టు, తాజా శాంపిల్, మూత్రం బ్లడ్ బ్యాంకుకు పంపాలి.

గుండె రోగుల్లో తరచుగా వచ్చే ఇబ్బంది మాత్రం ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఎక్కించిన 12 గంటల్లోపు ఆయాసం, బీపీ పెరగడం, సాచురేషన్ తగ్గడం. బలహీనమైన గుండె ఉన్నవారికి ఒక యూనిట్‌ను మూడు, నాలుగు గంటలకు సాగదీసి, అవసరమైతే మధ్యలో ఫ్యూరోసెమైడ్ ఇస్తే చాలావరకు తప్పుతుంది.

మా అబ్బాయిది అదే గ్రూపు. వాడి తాజా రక్తమే ఎక్కించమంటే ఎందుకు ఒప్పుకోరు?

రెండు కారణాలు. ఒకటి, తాజా రక్తంతో అదనపు లాభమేమీ కనబడలేదు. 2015లో రిసెస్ పరీక్షలో గుండె ఆపరేషన్ రోగులకు 10 రోజుల లోపు రక్తాన్ని, 21 రోజులు దాటిన రక్తాన్ని ఇచ్చి చూశారు. తేడా రాలేదు.

రెండోది పెద్దది. కన్నబిడ్డ, తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలు రోగి ఒంటికి సొంతవాటిలా కనిపించి, తిరస్కరణ తప్పించుకుని, తర్వాత రోగి ఒంటిమీదే దాడి చేయవచ్చు. జ్వరం, ఒళ్లంతా ఎర్రని దద్దుర్లు, ఎముక మజ్జ దెబ్బతినడం, ఎక్కువమంది బతకరు. జపాన్‌లో గుండె ఆపరేషన్ల తర్వాతే దీన్ని చాలా కేసుల్లో గుర్తించారు. రేడియేషన్ ఇచ్చిన రక్తమైతే ఈ ప్రమాదం ఉండదు. ఆ సదుపాయం లేనిచోట దగ్గరి బంధువుల రక్తం అదే రోగికి వద్దు. అబ్బాయిని దానం చేయనివ్వండి, ఆ బ్యాగ్ ఇంకొకరికి వెళ్తుంది. 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు.

డబ్బులిచ్చి దాతను తెస్తామనేవారు ఆసుపత్రి గేటు దగ్గర తారసపడతారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1998 నుంచి అది నిషేధం. రక్తానికి ధర లేదు. బ్లడ్ బ్యాంకు తీసుకునేది పరీక్షలు, నిల్వ ఖర్చు మాత్రమే.

డెబ్బై అయిదు దాటినవారికి, పిల్లలకు కూడా ఇదే గీతా?

పెద్దవయసువారికి ఎక్కువ రక్తం కావాలని అందరికీ అనిపిస్తుంది. ట్రిక్స్-3లో 75 దాటినవారిని విడిగా చూస్తే తక్కువ ఎక్కించిన వైపే బాగున్నారు. ఉపవర్గం లెక్క కాబట్టి దానిపై మేడలు కట్టకూడదు, కానీ వయసొక్కటే కారణంగా గీత పెంచనక్కర్లేదు.

పిల్లల్లో పూర్తిగా సరిచేసిన గుండెకు, స్థిరంగా ఉంటే 7 చాలు. గుండెలో ఒకే జఠరికతో (రక్తం పంపే కింది గదితో) బతికే పిల్లలకు, నీలిబారే జబ్బు మిగిలి ఉన్నవారికి 9 గానీ, అంతకంటే పైన గానీ ఉంచుతారు.

ఆపరేషన్‌కు ఇంకా మూడు వారాలుంది. ఇప్పుడే ఏం చేస్తే రక్తం అవసరం తగ్గుతుంది?

ఇది అడిగేవారు తక్కువ, ఫలితం ఎక్కువ. పైన వేసిన లెక్కలో 11 బదులు 13తో మొదలుపెట్టి చూడండి: పంపు మీద 8 కాదు, 9.5.

హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఒంట్లో ఐరన్ ఎంతుందో చూపే పరీక్షలు) చేయించండి. ఐరన్ లోపముంటే మూడు వారాల్లో మాత్రలతో వచ్చేది కొద్దే. సెలైన్‌లో ఐరన్ ఇస్తే పని అవుతుంది. ఎంత కావాలో సుమారు లెక్క ఉంది: బరువును, పెరగాల్సిన గ్రాములను, 2.4ను గుణించి 500 కలపాలి. 55 కిలోల మనిషికి 9 నుంచి 13కి రావాలంటే 1,028 మిల్లీగ్రాములు. దానిమ్మ, బీట్‌రూట్ జ్యూస్‌లతో ఆ లోటు తీరదు. 100 గ్రాముల దానిమ్మలో ఐరన్ అర మిల్లీగ్రాము కూడా ఉండదు.

సమయం లేకపోయినా వదలకూడదు. 2019లో స్విట్జర్లాండ్‌లో జరిగిన ఒక పరీక్షలో ఆపరేషన్ ముందు రోజే ఐరన్, ఎరిత్రోపోయిటిన్ (ఎర్రకణాలు పెంచే హార్మోన్), బీ12, ఫోలిక్ యాసిడ్ కలిపి ఇస్తే ఎక్కించాల్సిన ఎర్రకణాల యూనిట్లు తగ్గాయి.

మందుల విషయం డాక్టర్‌ను అడగకుండా మీరే ఆపొద్దు, ముఖ్యంగా ఇటీవల స్టెంట్ వేయించుకున్నవారు. సాధారణంగా క్లోపిడోగ్రెల్ 5 రోజులు, ప్రసుగ్రెల్ 7 రోజులు, టికాగ్రెలోర్ 3 నుంచి 5 రోజుల ముందు ఆపిస్తారు. ఆస్పిరిన్ చాలామందికి కొనసాగిస్తారు. థియేటర్‌లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ వాడతారా అని అడగడానికి మొహమాటపడకండి.

8.4తో డిశ్చార్జి చేశారు. ఇంట్లో ఏం చూసుకోవాలి?

ఆ అంకెతో ఇంటికి పంపడం తప్పు కాదు. కొన్ని వారాలు మెట్లెక్కితే అలసట ఉంటుంది. ఐరన్ మాత్ర వేసుకున్న గంట లోపు టీ, కాఫీ వద్దు. నాలుగు నుంచి ఆరు వారాలకు హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి.

ఐరన్‌తో మలం నల్లబడుతుంది, గట్టిగానే ఉంటుంది. తారులా జిగురుగా, దుర్వాసనతో ఉంటే, అందులోనూ రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడుతుంటే, అదే రోజు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష) చేయించుకుని ఆసుపత్రికి వెళ్లండి. వాల్వ్ మార్చినవారికి హిమోగ్లోబిన్ పెరగకపోగా తగ్గుతూ, మూత్రం ముదురు రంగులో, కళ్లు పచ్చగా ఉంటే వాల్వ్ పక్కన లీకులో కణాలు పగులుతున్నాయేమో చూడాలి. కణాలు పగలడాన్ని పట్టించే ఎల్‌డీహెచ్, రెటిక్యులోసైట్ కౌంటు పరీక్షలు, ఎకో చేయమని అడగండి. ఆయాసం పెరుగుతూ, పడుకుంటే ఊపిరాడక, బీపీ తగ్గుతుంటే గుండె చుట్టూ ఆలస్యంగా నీరు చేరడం కావచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో ఇది రెండు మూడు వారాల తర్వాత కూడా వస్తుంది. అప్పుడు రక్తపరీక్ష కోసం ఆగకుండా నేరుగా ఎకో ఉన్న ఎమర్జెన్సీకే వెళ్లాలి.